అన్నిటికీ అవునన్న ఊరు

మా ఊరి గురించి అచ్చులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. అదీ ఇంగ్లీషులో. ఊరి పేరు లేదు, "ఒక గ్రామం" అని ఉంది. ఆ గ్రామంలో వచ్చిన జవాబులు నమ్మదగినవిగా లేనందువల్ల లెక్కలోంచి తీసేశామని దాని అర్థం. పల్లెటూరి పిల్లల మనసుల మీద, చిన్నపిల్లల సైకాలజిస్టు ఒకామె రాసిన పరిశోధన వ్యాసం అది. నిఘంటువు పక్కన పెట్టుకొని పదకొండు రోజులు చదివాను. ఆ వాక్యం దగ్గరికి ఆరో రోజున చేరాను. మిగతా అయిదు రోజులూ ఇంకెక్కడైనా మా ఊరు తగులుతుందేమోనని చదివాను. తగల్లేదు.

చివర కృతజ్ఞతల్లో "స్థానిక పెద్ద ఒకరికి" అని ఉంది. ఆ పెద్దను నేనే. ఆ ఊరిని లెక్కలోంచి తీసేయించిందీ నేనే. ఈ రెండో సంగతి వ్యాసంలో లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

నేను బడిలో కూర్చున్నది నాలుగో తరగతి వరకే. మిగతా చదువు జిన్నారం రోడ్డు మీది ఒక మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ముల మీద చదివాను. డ్రమ్ము పైన ముక్కోణం గీసి, కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉండేది. అది చదవరాకనే నా దోస్తు ఒకడు రెండు చేతులూ కాల్చుకున్నాడు. ఆ వారమే ఒక కెమిస్టును బతిమాలి అక్షరాలు రాయించుకున్నాను. ఆ తర్వాత కిరాణా పొట్లాలు, పటాన్‌చెరు బస్టాండులో పాత వారపత్రికలు, పాత కాగితాలు కొనే సేటు దగ్గర దొరికిన అట్టలు ఊడిన పుస్తకాలు. ఇప్పుడు నాకు డెబ్బై ఎనిమిది. చదువంటే ప్రాణం, చదువుకున్నవాళ్లంటే కోపం. ఈ రెండూ ఒక మనిషిలో ఉండటం మంచిది కాదు. ఉంటే ఏమవుతుందో చెప్తాను.

ముందు నీళ్ల సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీల నీళ్లు కలిసి వాగు ఎర్రబడిన రోజులవి. బోరునీళ్లతో వండితే అన్నం పచ్చగా దిగేది. సర్వేవాళ్లు మా ఊరికీ, పక్క ఊరికీ ఒకేరోజు వచ్చారు. నీళ్లు వాసన వస్తున్నాయా అని అడిగారు. మావాళ్లు ఉన్నదున్నట్టు చెప్పారు: "వానాకాలం రాదు సారు, ఎండలు ముదిరితే వస్తది." ఒంటికి దురద ఉందా అంటే, "పోరగాండ్లకు ఉన్నది, నాకైతే లేదు." పక్క ఊరివాళ్లు ఏదడిగినా అవునన్నారు. నీళ్ల ట్యాంకరు పక్క ఊరికి పోయింది. రెండు ఎండాకాలాలు మా ఆడవాళ్లు ఆ ఊరికి బిందెలు పట్టుకొని నడిచారు, వాళ్ల మాటలు పడ్డారు.

రెండోసారి సర్వే వచ్చే ముందు నేను ఇల్లిల్లూ తిరిగాను. "ఏదడిగినా అవునన్రి. జెరంత, గింత అనే ముచ్చటొద్దు. అవును, అంతే." నెల తిరక్కుండా ట్యాంకరు వచ్చింది, దాని వెనక పైపు వచ్చింది. ఊరు నన్ను నెత్తిన పెట్టుకుంది. అప్పటి నుంచి కాగితం పట్టుకొని ఎవరొచ్చినా మావాళ్లు అడగకముందే అవుననేవాళ్లు. దోమల సర్వేకు అవును. పశువుల సర్వేలో, ఇంట్లో కోడిపిల్ల కూడా లేని ఒకాయన రెండు బర్రెలు రాయించాడు. వాటి పేర్లు అడిగితే అవి కూడా చెప్పాడు. దీన్నంతా నేను తెలివి అనుకున్నాను. ఊరికి నేను నేర్పిన ఒకే ఒక్క పాఠం ఇది.

మా వెనక వీధిలో ఒక ముసలామె, ఆమె మనవరాలు ఉండేవాళ్లు. ముసలామె చర్చి మనిషి. ఆదివారం తెల్లచీర, మిగతా ఆరు రోజులు పొలం పని. నన్ను అన్నా అనేది. ఆమె కోడలు ఒక ఫ్యాక్టరీలో, తడి మందుపొడిని ఆరబెట్టే డ్రయ్యర్ల దగ్గర కాంట్రాక్టు కింద పనిచేసేది. ఒకరోజు టిఫిన్ డబ్బా మరిచి షిఫ్టు బస్సెక్కింది. నాయనమ్మా, ఆరేళ్ల మనవరాలూ డబ్బా పట్టుకొని నడిచి పోయారు. గేటు దగ్గర పిల్ల డబ్బాను వాచ్‌మన్ చేతికిచ్చి "మా అమ్మకియ్యి" అంది. వాళ్లు వెనక్కి తిరిగి రోడ్డు దాటకముందే లోపల మంట లేచింది. పొద్దున పదిన్నర. కోడలు బయటికి రాలేదు.

మా అమ్మకియ్యి. ఆ పిల్ల నోట విన్న ఆఖరి మాట అదేనని నాయనమ్మ చెప్పేది. ఆ తర్వాత పిల్ల మాట్లాడలేదు. గొంతులో లోపమేమీ లేదని చూసినవాళ్లందరూ చెప్పారు. పాస్టరు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. బడిలో ఆఖరి బెంచీలో కూర్చోబెట్టారు. తండ్రి ఏడాది తిరక్కుండా నారాయణఖేడ్ దిక్కు ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నాలుగేళ్లు గడిచాయి. మూగపిల్ల అని ఊరు అలవాటు పడింది. నాయనమ్మ ఒక్కతే అలవాటు పడలేదు.

కరోనాకు రెండేళ్ల ముందు, ఆ వ్యాసం రాసిన మేడమ్ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. భుజానికి సంచి, కాళ్లకు తోలు చెప్పులు. ఆమె తండ్రి గుంటూరు దిక్కు నుంచి సర్కారు కర్మాగారంలో ఫిట్టరు ఉద్యోగానికొచ్చి, ఇక్కడే కంపెనీ క్వార్టర్లలో ఉండిపోయిన మనిషి. మావాళ్లు ఊరుకుంటారా, మొదటిరోజే అడిగారు.

"మీది ఆంధ్రానా మేడమ్?"

"పుట్టింది పటాన్‌చెరులోనేనండీ."

"పుట్టుడు ఈడ పుట్టిన్రు, నాలిక ఆడనే మర్శిపోయిన్రు."

ఆమె కూడా నవ్వింది. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేది. పిల్లల మనసుల మీదే డాక్టరేటు చేసింది. కానీ ఉద్యోగం ఖాయం కాదు, ఏడాదికోసారి మళ్లీ రాసిస్తేనే. సర్పంచు ఆమెను నా దగ్గరికి పంపాడు, ఊళ్లో కాగితం చదవగలిగి ఖాళీగా ఉన్నవాణ్ని నేనే అని.

"ఏం చదువుకున్నారు తాతగారూ?" అని అడిగింది.

"నాలుగు మేడమ్. కడమది డ్రమ్ముల మీద చదివిన."

ఆమె నవ్వలేదు. ఏ డ్రమ్ములు, ఎలా చదివారు అని అడిగి తన పుస్తకంలో రాసుకుంది. చదువుకున్నవాళ్లలో నా మాట రాసుకున్న మొదటి మనిషి ఆమె. అక్కడే నేను పడిపోయాను.

నా పని ఆమె ప్రశ్నల్ని మా మాటలో అడగడం. ఆ ప్రశ్నలు ఎవరో ఇంగ్లీషు నుంచి దించినవి. "మీ బిడ్డ తరచుగా ఆందోళనకు లోనవుతున్నాడా" అని ఉంది. మా దగ్గర ఆందోళనంటే ఫ్యాక్టరీ గేటు ముందు టెంటు వేసుకొని కూర్చోవడం. దాన్ని "పోరడు ఊకె గాబర పడుతుంటడా" అని మార్చాను. ఒక్కో ప్రశ్నకు మూడు జవాబులు: లేదు, కొంచెం, చాలా. వాటిని కూడా మా మాటలోకి మార్చాను. రెండు ఊళ్లకు నేనే దుబాసీని, ఇంకో రెండు ఊళ్లకు వేరేవాళ్లు.

సర్వే మొదలు కాకముందే ఆమెను వెనక వీధికి తీసుకుపోయాను. ఆ ఇంట్లో ఆమె పిల్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అది నాకు వింతగా ఉండింది. మూలన ఓనగుంటల పీట ఉంది. ఏడు గుంటలు ఇటు, ఏడు అటు, చింతగింజలు పంచుకుంటూ పోయే ఆట. మేడమ్ నేలమీద కూర్చొని గింజలు పోసింది. ఆట ఆమెకు సరిగా రాదు. పిల్ల చాలాసేపు గోడకు ఆనుకొని చూసింది. తర్వాత వచ్చి, తప్పు గుంటలో పడ్డ గింజను తీసి సరైన గుంటలో వేసింది. ఆరోజు అంతే.

మళ్లీ మంగళవారం వచ్చింది. మళ్లీ అదే ఆట. తిరిగి బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను ఉండబట్టలేక అన్నాను, "ఏమన్న అడుగుతలేరు మేడమ్."

"నాలుగేళ్లుగా అందరూ మాట్లాడు మాట్లాడు అంటూనే ఉన్నారు కదా తాతగారూ. ఒక్కరైనా అనకుండా ఉండాలి."

మూడో మంగళవారం మేడమ్ ఆటలో తన వంతును మరిచి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మరిచిందో, కావాలని చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్ల కాసేపు చూసింది. పీటను వేలితో తట్టింది. మేడమ్ తిరగలేదు. అప్పుడు పిల్ల అంది, "ఇగ నువ్వెయ్యి."

గొంతు తుప్పుపట్టిన తలుపులా ఉంది. పొయ్యి దగ్గరున్న నాయనమ్మ చేతిలో గిన్నె పట్టుకొని అలాగే నిలబడిపోయింది. మేడమ్ "ఆఁ, వేస్తున్నా" అని మామూలుగా గింజలు వేసింది, అక్కడేమీ జరగనట్టు. బయటికొచ్చాక, గోడ చాటున, సంచిలోంచి రుమాలు తీసి కళ్లు తుడుచుకుంది.

ఇక అసలు సంగతి. నాలుగు ఊళ్లలో సర్వే చేసి, పిల్లలకు అవసరం ఎక్కువున్న ఊళ్లో ఒక గది తెరుస్తారు. రెండేళ్లు. రోజూ ఒక మనిషి ఉంటుంది, ప్రతి మంగళవారం మేడమ్ స్వయంగా వస్తుంది. మిగతా మూడు ఊళ్లకు ఏమీ లేదు. టైపు చేసిన కాగితంలో ఇది నేనే చదివాను. చదివినరోజు నాకు అన్నం సహించలేదు. గది వేరే ఊరికి పోతే మంగళవారాలు ఆగిపోతాయి. ఆ పిల్ల నోట వచ్చింది రెండే మాటలు. మూడోది రావాలంటే గది మా ఊరికే రావాలి.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. ఇల్లిల్లూ తిరిగాను.

"ఈసారి అవునంటే ఏమొస్తది తాతా?" అని ఒక ఆటో నడిపేవాడు అడిగాడు.

"పిల్లల డాక్టరమ్మ వస్తది. ఊళ్లనే కూసుంటది."

"మా పోరనికి ఏం రోగం లేదు గదా."

"నీ పోరనికి లేకుంటే లేదు. వెనక గల్లీ పిల్లకున్నది గదరా. ఆమె కోసం అను."

వాడు తల గోక్కున్నాడు. "గట్లనా. అంట తీ. ఏం పోయింది నాది."

ఇలాగే అందరూ ఒప్పుకున్నారు. ఊరు అబద్ధమాడింది ఒక పిల్ల కోసం. ఈ మాట ఏ వ్యాసంలోనూ ఉండదు. ఒప్పుకోనిది ఒక్క నాయనమ్మే. "ప్రార్థన జేసేదాన్ని అన్నా, ఉత్తదెట్ల జెప్పాలె? ఉన్నది ఉన్నట్లు జెప్తె సాలదా? నా పిల్ల సంగతి అయితది గదా" అంది.

"నీ ఒక్కదాని కాయిదంతోని గది రాదు చెల్లె" అని నవ్వాను.

సర్వే అయిదు రోజులు నడిచింది. నేను అడగడం, వాళ్లు చెప్పడం, మేడమ్ గీతలు పెట్టడం. మొదటిరోజే ఆమె పెన్ను ఆగడం మొదలైంది. ఆ కాగితంలో ఒకే సంగతిని రెండుసార్లు అడుగుతారు, ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి. ముందే చూశాను. చదువుకున్నవాళ్ల అజాగ్రత్త అనుకొని నవ్వుకున్నాను కూడా.

"పోరడు చెప్పిన మాట వింటడా?" అని అడిగాను ఆటో అతన్ని.

"వింటడు. మస్తు వింటడు."

పది ప్రశ్నలు అయ్యాక, "మొండికేస్తడా, చెప్పింది వినడా?"

"అవును, వినడు. అస్సలు వినడు."

మేడమ్ తలెత్తింది. "రెండూ ఎలా అవుతాయండీ?"

"రెండు రాస్కోరి మేడమ్. మీకేది గావాల్నో అదే వెట్టుకోరి."

ఆమె నా వైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను. వాళ్లు ఏం చెప్తే అదే రాయాలన్నది ఆమె నియమం. రాసింది. అయిదు రోజులు అలాగే రాసింది. మా ఊళ్లో పిల్లలందరూ నెమ్మదస్తులు, అందరూ కొట్లాటగాళ్లు. అందరికీ ఆకలి బాగా వేస్తుంది, ఎవరికీ వెయ్యదు. ఆ మొత్తం కట్టలో నిజం ఒక్క కాగితంలోనే ఉంది. నాయనమ్మ చెప్పిన కాగితం. కొన్నిటికి లేదంది, కొన్నిటికి కొంచెమంది. "మాట్లాడుతుందా" అన్నదానికి మేడమ్ ముఖం చూసి, "ఒక్కపారి మాట్లాడింది, మీరు ఉన్నప్పుడే" అంది.

మూడు వారాల తర్వాత మేడమ్ వచ్చింది. మంగళవారం కాదు. కారులో, వెంట ఆమె పై ప్రొఫెసరుతో. చర్చి హాల్లో మూడు కుర్చీలు వేశారు. ఆయన అరవైకి దగ్గరగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. చాయ్ వద్దన్నాడు. మా ఊరి కట్ట బల్లమీద పెట్టారు.

"తాతగారూ, జవాబులు ఒకదానికొకటి పొసగడం లేదు," అంది మేడమ్ నెమ్మదిగా. "ముందుగా ఎవరైనా వాళ్లకు ఏమైనా చెప్పారా? చెప్పి ఉంటే తప్పు పట్టడానికి కాదు అడిగేది. నెలాఖరు దాకా టైముంది. జరిగింది జరిగినట్టు రాసిపెడితే, ఇంకో మనిషిని పెట్టి మళ్లీ అడగనిస్తారు. మీ ఊరు లెక్కలో ఉంటుంది."

చెప్పడానికే నోరు తెరిచాను. దేవుడి మీద నమ్మకం లేనివాణ్ని, ఎవరి మీద ఒట్టేసి చెప్పాలో తెలియదు గాని, చెప్పడానికే తెరిచాను. అప్పుడే ఆ ప్రొఫెసరు ఆమెతో ఇంగ్లీషులో అన్నాడు. నాకు అర్థం కాదనుకున్నాడు. ఈ మనుషులు ఒక కప్పు చాయ్ కోసం ఏదైనా చెప్తారు, వీళ్లతో కాలం వృథా చేసుకోకు అన్నాడు. వృథాకు ఆయన వాడిన ఇంగ్లీషు మాట, వేస్ట్, నాకు బాగా తెలుసు. నేను ఇరవై ఆరేళ్లు పనిచేసిన ట్యాంకు మీద రాసి ఉండేది అదే.

మేడమ్ ముఖం ఎర్రబడింది. నాకు మాత్రం ఒళ్లంతా మంట. నాలుగో తరగతి, డ్రమ్ములు, కిరాణా పొట్లాలు, అన్నీ గొంతులోకి వచ్చాయి.

"మా ఊరోళ్లు అబద్ధం ఆడరు" అన్నాను. "మీ కాయిదమే తప్పు. ఒక్క ముచ్చట రెండుసార్లు అడిగినోనిది తప్పు గాని, జవాబిచ్చినోనిది కాదు."

"తాతగారూ" అంది మేడమ్. ఆ పిలుపులో బతిమాలడం ఉంది. ఆమెకు తెలిసిపోయింది, నేను చెప్పాలని మాత్రమే ఎదురుచూస్తోంది.

"నేనెవ్వనికి ఏం చెప్పలే."

లేచి వచ్చేశాను. ఇంటికి వచ్చి, నీళ్లు తాగి, సరైన మాట అన్నానని అనుకున్నాను. ఆ సాయంత్రం ఊళ్లో నలుగురికి చెప్పుకున్నాను కూడా, పెద్ద ప్రొఫెసరు మొఖం మీద ఎలా అన్నానో. నవ్వారు. "నీ నోటికి మొక్కాలె తాతా" అన్నాడు ఆటో అతను.

ఆ నెలలో మేడమ్ రెండుసార్లు ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. ఊరి సంగతి తేలేదాకా ఆమె రావడం ఆగిపోయింది. మంగళవారం పిల్ల బడి నుంచి వచ్చి, పీట ఒళ్లో పెట్టుకొని బస్ షెల్టరులో కూర్చుంది. సంగారెడ్డి బస్సు వచ్చింది, పోయింది. రెండో మంగళవారం కూడా కూర్చుంది.

"రాకపాయెనేందన్నా?" అంది నాయనమ్మ.

"వస్తది. పరీక్షలుంటయి ఆళ్లకు."

మూడో మంగళవారం పిల్ల పీట తీసుకురాలేదు, ఉత్త చేతులతో కూర్చుంది. నాలుగో మంగళవారం షెల్టరు ఖాళీ. ఆ ఖాళీ బెంచీని చూశాకే నాకు బుద్ధి వచ్చింది. ఆ మరుసటిరోజు పటాన్‌చెరులో బస్సు మారి విశ్వవిద్యాలయానికి పోయాను. గడువు దాటి అప్పటికే తొమ్మిది రోజులు.

ఒకే గదిలో మూడు బల్లలు, ఒక మూలది మేడమ్‌ది. చుట్టూ కట్టలు కట్టలు కాగితాలు. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి వేసింది. నిలబడే చెప్పాను. ట్యాంకరు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను.

"నాకు తెలుసు తాతగారూ. ఆరోజే తెలుసు. మీరు చెప్తేనే రాయగలను, ఊహ రాయలేను కదా."

"ఇప్పుడు రాయరి. నా పేరు వెట్టి రాయరి. సంతకం చేస్త."

ఆమె పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసింది. "ఇప్పుడు రాస్తే మీరు దుబాసీగా ఉన్న రెండో ఊరు కూడా అనుమానమే. కంది ఊరికి అవతలిది. అక్కడ గది తెరిచేశారు. పిల్లలు వస్తున్నారు. వాళ్లదీ మూసేస్తారు." పెన్ను పక్కన పెట్టి, "ఇంకోటి కూడా చెప్తాను, దాచను. ఈ వ్యాసం రాకపోతే వచ్చే ఏడు నాకు ఉద్యోగం లేదు. మా చదువులో ఏ పిల్ల ఏ మాట మాట్లాడిందో ఎవరూ అడగరు తాతగారూ. ఏం అచ్చయిందో అడుగుతారు."

రెండో ఊళ్లో నేను ఎవరికీ ఏమీ నేర్పలేదు. అక్కడి జవాబులు నిజమైనవి. కానీ ఆ మాట ఇప్పుడు నేనంటే ఎవరు నమ్ముతారు? నాకు కోపం రావలసింది. వెతుక్కున్నాను, దొరకలేదు. ఎవరిమీదైనా కోపం దొరకకపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆమె మానేయలేదు. తన సెలవులో రెండు ఆదివారాలు మా ఊరికి వచ్చింది. పిల్ల గోడకు ఆనుకొని చూసింది గాని పీట దగ్గరికి రాలేదు. ఆ తర్వాత ఇంటర్వ్యూలు, వేరే ఊళ్లు. నాయనమ్మ మనవరాలిని రెండు బస్సులు మార్చి కంది అవతలి గదికి తీసుకుపోయింది. అక్కడ బొమ్మలున్నాయి, రంగులున్నాయి, కొత్తమనిషి ఉంది. పిల్ల గడప దాటలేదు. మూడోసారి బస్సే ఎక్కలేదు. కరోనా వచ్చి ఆ గది కూడా మూతపడింది. మేడమ్‌కు బెంగళూరులో ఖాయమైన ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ఆమె కూడా పెద్ద ప్రొఫెసరు. ఆ వ్యాసం ఆమే పంపింది, లోపల చిన్న చీటీతో. పిల్ల ఎలా ఉంది తాతగారూ, అని. జవాబు రాయలేదు.

నాయనమ్మకు నిజం చెప్పడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. అప్పటికి ఆమె మంచం పట్టింది. తిడుతుందని కూర్చున్నాను.

"ఇల్లిల్లు తిరిగినవు సూడు, అది నా పిల్ల కోసం తిరిగినవు అన్నా. నాకెర్కే" అంది. "ఆమె అడిగిననాడు చెప్పకపోతివి. అది మాత్రం నీ కోసం."

ఆ తర్వాత కూడా నేను రోజూ పోయేవాణ్ని. నీళ్లు ఇప్పించేది, కూర్చోమనేది. అన్నా అని మాత్రం మళ్లీ పిలవలేదు. పోయిన ఏడాది చర్చి వెనక సమాధుల్లో పెట్టాం. ఆడవాళ్లందరూ ఏడుస్తుంటే మనవరాలు పిడికెడు మట్టి వేసి పక్కకు జరిగి నిలబడింది. ఒక్క శబ్దం లేదు.

పిల్లకిప్పుడు పద్దెనిమిది. ఒక మందుల కంపెనీలో సీసాలకు లేబుళ్లు అంటించే పని. సూపర్‌వైజరు మా ఊరివాడే, మొన్న ఎదురైతే మెచ్చుకున్నాడు. "మంచి పిల్ల తాతా. పని తప్ప వేరే ముచ్చట లేదు. గిసొంటోళ్లు దొరకరు." నాలుగేళ్లు కాదు, పన్నెండేళ్లుగా ఆ పిల్ల నోరు ఎందుకు మూసుకుందో అడగని లోకం, ఇప్పుడు ఆ మూసుకున్న నోటికి సర్టిఫికెట్ ఇస్తోంది. వాణ్ని తిట్టాలనిపించింది. ఏ ముఖంతో తిట్టను?

మధ్యాహ్నం షిఫ్టు ఉన్నరోజుల్లో బస్సుకు ముందు నా దగ్గరికి వస్తుంది. నాయనమ్మ పీట ఇప్పుడు నా ఇంట్లోనే ఉంది. అరుగుమీద కూర్చొని ఆడతాం. వేగంగా ఆడుతుంది, ఎప్పుడూ నన్నే ఓడిస్తుంది. నా వంతు వస్తే నా గుంటల వైపు వేలితో చూపిస్తుంది.

మొన్న నేను వేయలేదు. గింజలు చేతిలో పట్టుకొని, మేడమ్ చూసినట్టు వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. వేలితో చూపించింది. నేను తిరగలేదు. పీటను తట్టింది. తిరగలేదు. నా చెవులు ముసలివి, అయినా ఆ కాసేపు ఆమె ఊపిరి కూడా వినబడింది. ఎంతసేపు అలా కూర్చున్నానో. వీధి చివర షిఫ్టు బస్సు హారన్ కొట్టింది. పిల్ల లేచి, టిఫిన్ డబ్బా తీసుకొని, చెప్పులు వేసుకొని వెళ్లిపోయింది.

గింజలు నా పిడికిట్లోనే ఉన్నాయి. నా వంతు ఇంకా అలాగే ఉంది.